గెడ్డ దాటిన బంతి

మా ఆవిడ పద్మకుమారికి అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఎంచుకున్న భాగం నడుం. జ్వరం అంటే థర్మామీటర్ వెంటనే ఎదురు సాక్ష్యం చెబుతుంది. కడుపునొప్పి అంటే ఆ పూట భోజనం పోతుంది. నడుం అయితే పైకి కనబడదు, కొలవడానికి పరికరం లేదు, తిండికి అడ్డం రాదు. ఇంత ఆలోచించి వేసిన ఎత్తు ఎక్కడ తేడా కొట్టిందో చెబుతాను వినండి.

నా పేరు మోహన్‌కృష్ణ. కోరాపుట్ కొండల మీద ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్ని. మా టౌన్‌షిప్ చివర నీలగిరి చెట్ల మధ్య తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఉంది. ఒకప్పుడు పెద్ద ఆఫీసర్లకే. రెండేళ్ల కిందట అందరూ ఆడొచ్చని గేటు తీశారు. చూసి వద్దామని వెళ్లాను. అప్పట్నించీ వెళ్తూనే ఉన్నాను.

గోల్ఫులో నా సిద్ధాంతం ఒక్కటే. సుత్తి ఎంత పైకెత్తితే దెబ్బ అంత గట్టిగా పడాలి. అందుకని కర్రని వెనక్కి ఎత్తేటప్పుడు భుజం దాటించి, మెడ దాటించి, వీపు వెనకనుంచి దాని మూతి నేల చూసేదాకా తీసుకెళ్లేవాణ్ని. అక్కడికి చేరేసరికి నా ఎడమ మడమ గాల్లో, టోపీ కళ్ల మీద, ఒంటి బరువంతా కుడికాలి చిటికెనవేలు మీద ఉండేవి. ఇంత యాత్ర చేసి వచ్చిన కర్ర తగిలితే బంతి నూట ఇరవై గజాలు వెళ్లి, పెన్షన్ తీసుకున్నట్టు కూర్చునేది. క్లబ్బులో నాకు 'కావడి మోహన్‌కృష్ణ' అని పేరు పెట్టారు.

ఆరో గుంతకి ముందు ఒక గెడ్డ పారుతుంది. బంతి పెట్టే చోటునుంచి దాని అవతలి ఒడ్డుకి నూట డెబ్భై గజాలు. నవంబరులో ఒక ఆదివారం అక్కడే పోటీ పెట్టారు. ఎవరి బంతి ఎక్కువ దూరం వెళ్తే వాళ్లు నెగ్గినట్టు. క్యాంటీన్లో టీ తాగుతూ అందరి ముందూ, "ఈసారి గెడ్డ దాటించకపోతే కర్ర ముట్టుకోను" అనేశాను.

సరిగ్గా అదే ఆదివారం నేను గుణుపురం వెళ్లాలి. మా అత్తగారు కృష్ణవేణమ్మ గుణుపురం దగ్గర సొంతంగా వ్యవసాయం చేస్తుంది. వరి కోసి, పనలు కట్టి కళ్లంలో వేసింది. తీరా నూర్పు మిషను మూలపడింది. "అల్లుడు మెకానిక్కే గదా" అని ధైర్యంగా ఉంది. వస్తానని వారం కిందటే మాటిచ్చాను.

అందుకని శుక్రవారం సాయంత్రం డ్యూటీనుంచి వస్తూనే గుమ్మంలో వంగి, గోడ పట్టుకుని, "అమ్మా" అన్నాను.

"ఏటయింది?" అంది పద్మ, పెసలు ఏరుతూ తల ఎత్తకుండా.

"నడుం పట్టేసింది."

"ఎక్కడ?"

"నడుములోనే."

"నడుములో ఎక్కడండీ? కుడివైపా, ఎడమవైపా?"

ఈ ప్రశ్నకి నేను సిద్ధపడి రాలేదు. "మధ్యలో" అన్నాను.

"పొద్దున్న బస్సు ఎనకాల పరిగెట్టేరు గదా?"

"అప్పుడే పట్టేసుంటాది. ఇప్పుడు తెలిసింది."

"మరి ఎల్లుండి గుణుపురం?"

ముఖం వీలైనంత దీనంగా పెట్టాను. "అదే నా బాధ పద్మా. ఈ నడుంతో మిషను కిందకి ఎలాగ దూరతాను? అత్తకి నువ్వే సెప్పాలి."

పద్మ నన్ను కాసేపు చూసింది. "అలాగేలెండి. పడుకోండి" అని ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఫోనులో మాట్లాడింది. తర్వాత పిట్టగోడ మీదనుంచి పక్కింటివాళ్లతో కూడా ఏదో మాట్లాడింది. మంచం మీద బోర్లా పడుకుని, ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమా అని అనుమానించాల్సిన నేను, సంతోషించాను.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తొలి బస్సెక్కి, రాయగడలో మారి, మా అత్తగారు దిగింది. ఒక చేతిలో గుమ్మడికాయ, ఇంకో చేతిలో వావిలాకు మూట, చంకలో ఆముదం సీసా. మనిషి సన్నగా ఉంటుందిగానీ ముంజేతులు మాత్రం మా క్రేను గొలుసుల్లా ఉంటాయి.

"ఏటి బాబూ, నడుం పట్టేసిందంట?"

"పెద్దగా ఏం లేదత్తా. కొద్దిగా..."

"కొద్దిగా అయితే అమ్మి నన్నెందుకు పిలుస్తాది? బోర్లా పడుకోండి."

గది నిండా ఆముదం వాసన. ఆవిడ బొటనవేలు నా వీపు మీద దిగింది.

"ఇక్కడ నొప్పా?"

"అవునత్తా."

"ఇక్కడ?"

"అవునవును."

"మరిక్కడ?"

"అబ్బా! చంపేశావత్తా!"

"అది పరుపు బాబూ" అంది ఆవిడ నిదానంగా.

గుమ్మంలో నిలబడ్డ పద్మ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

తర్వాత కట్టు. పద్మ బీరువాలోంచి కొట్పాడ్ నేతగుడ్డ తీసింది. ఎర్రమట్టి రంగు, మందం, ఆరు మూరల పొడవు. వావిలాకు నూరి పట్టించి, పక్కటెముకల దగ్గర మొదలుపెట్టి తుంటి దాకా చుట్టారు. ఒక కొస పద్మ పట్టుకుంది, రెండో కొస అత్తగారు లాగుతోంది.

"ఇంకా బిగించమ్మా" అంది పద్మ.

"ఊపిరాడాల గదే అమ్మీ."

"కొంచెం ఆడితే సాలు."

కట్టు పూర్తయ్యేసరికి నేను వంగలేను, తిరగలేను. పక్కకి చూడాలంటే పాదాలతో సహా తిరగాలి. సాయంత్రం నాలుగింటికి తల్లీకూతుళ్లు సంతకి వెళ్లారు. నేను ద్వారబంధంలా నిలబడి సాగనంపాను.

వాళ్లు మలుపు తిరగ్గానే మంచం కిందనుంచి కర్ర తీశాను. రేపే పోటీ. పెరట్లో తీగ మీద పాత దుప్పటి వేలాడదీసి, దానికి పది అడుగుల దూరంలో కాళ్లు తుడుచుకునే పట్టా వేసి, దాని మీద బంతి పెట్టాను. ఎప్పటిలాగే కర్రని వీపు వెనక్కి తీసుకెళ్లబోయాను.

వెళ్లలేదు. భుజం ఎత్తుకి రాగానే నడుం తలుపు వేసేసింది. తుంటి కదలదు, మడమ లేవదు. చేతులు ఇంకా పైకి వెళ్దామంటే పక్కటెముకల దగ్గర గుడ్డ పట్టేసింది. ఒళ్లు మెలిపడి, ఎక్కడో లోపల బిగుసుకుని, ఇక ఆగలేక తనంతట తానే తిరిగొచ్చేసింది.

ఠప్ మని చప్పుడు. రెండేళ్లలో నేనెప్పుడూ వినని చప్పుడు. బంతి కనబడలేదు. దుప్పటికి కంత పడింది. అవతల ఉతికే బండ మీద అత్తగారు పెట్టిన గుమ్మడికాయకి కూడా కంత పడింది. లోపలికి వేలు పెట్టి చూశాను. బంతి అందలేదు.

ఎవరైనా అయితే గుమ్మడికాయ గురించి కంగారుపడతారు. నేను కంతని గోడవైపుకి తిప్పేసి, ఎత్తింది సగమే కదా, బలం రెండింతలు ఎక్కడినుంచి వచ్చిందని ఆలోచనలో పడ్డాను. ఇరవై రెండేళ్లుగా మిషన్లు విప్పుతున్నవాణ్ని. కారణం తెలియని బలం కనిపిస్తే నాకు అన్నం సహించదు.

కట్టు విప్పేశాను. పాత పద్ధతిలో, కావడి లెక్కన, ఇంకో బంతి కొట్టాను. దుప్పటి ఈగ వాలినట్టు కదిలింది. అయితే మహిమ కట్టుదే. మళ్లీ కట్టుకోవాలి. సాయం పట్టేవాళ్లు లేరు. గుడ్డ ఒక కొస కిటికీ ఊచకి ముడేశాను. రెండో కొస నడుముకి దోపుకుని, బొంగరంలా నా చుట్టూ నేనే తిరుగుతూ కిటికీ దాకా వెళ్లాను. గుడ్డ చక్కగా బిగిసింది.

కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డప్పుడు నాకు వెలిగింది. కొస ఊచకి కట్టి ఉంది గనక గుడ్డ బిగిసింది. కట్టకపోతే నేనూ గుడ్డా కలిసి గుండ్రంగా తిరిగేవాళ్లం, బిగువు పుట్టేది కాదు. స్ప్రింగు అయినా అంతే, ఒక కొస కదలకుండా ఉంటేనే రెండో కొస తిప్పినప్పుడు శక్తి నిండుతుంది. రెండేళ్లుగా నేను పైనా కిందా కలిపి తిప్పుతున్నాను. భుజాలతోపాటు తుంటీ, తుంటితోపాటు మోకాలూ, మడమా అన్నీ వెనక్కి పోతున్నాయి. కర్ర దూరం వెళ్లింది నిజమే, ఖాళీగా వెళ్లింది.

ఊచ దగ్గర ముడి విప్పి, ఆ కొస కూడా నడుముకి దోపుకున్నాను. అంతటితో ఆగలేదు. ఎంత ఎత్తితే ఎంత బలమో తేల్చాలని గోడ మీద సుద్దతో మూడు గీతలు గీశాను. ఒకటి నడుం ఎత్తున, రెండోది గుండె ఎత్తున, మూడోది భుజం ఎత్తున. చేతులు ఒక్కో గీత దాకా ఎత్తి ఒక్కో బంతి కొట్టాను. మొదటి గీతకి దుప్పటి జానెడు ఊగింది. రెండో గీతకి మూరెడు. మూడో గీతకి తీగ మీదకి ఎగిరి పడింది. అంటే పొట్టిగా ఎత్తడమే గొప్ప అనుకోవడం కూడా తప్పే. ఒళ్లు బిగువుగా తిరిగే మేరకే ఎత్తాలి. ఆ పైన ఎత్తిందంతా చేతుల షికారు.

వీధి గేటు చప్పుడైంది. కర్ర మంచం కిందకి, నేను మంచం పైకి.

చీకటి పడుతుండగా పద్మ స్నానానికి వెళ్లింది. అత్తగారు పులుసుకి గుమ్మడికాయ కోస్తానని కత్తిపీట ముందు కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. తర్వాత అడుగుల చప్పుడు.

"బాబూ, మా పొలం గుమ్మడికి ఇంత గింజ ఎప్పుడూ రాలేదు."

కళ్లు తెరిచాను. ఆవిడ అరచేతిలో బంతి. దాని చుట్టూ పసుప్పచ్చ పీచు.

"గింజమీద ఇంగ్లీసులో ఏదో రాసుంది గూడా" అంది.

ఇక దాచి లాభం లేదు. పోటీ, గెడ్డ, క్యాంటీన్లో కోతలు, నడుం, అన్నీ చెప్పేశాను. కళ్లంలో పనలు పెట్టుకుని బస్సెక్కి వచ్చిన మనిషి. తిట్టినా పడదామనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. బంతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత గట్టి కాయలోకి దూరిందంటే ఎలగ కొట్టేరు? ఏదీ, ఆ కర్ర తెండి."

పెరట్లో దీపం వేసుకున్నాం. ఆవిడ కర్రని బరువు చూసింది.

"దీని పేరేటి?"

"డ్రైవరత్తా."

"డ్రైవరా? మరి బండేదీ?"

కొట్టి చూపించమంది. కట్టుతో ఒకసారి గాల్లో ఊపాను. కట్టు వదులు చేసి నా పాత పద్ధతి కూడా చూపించాను. ఆవిడ రెండోది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అలగెత్తితే పన కొట్టగలరా బాబూ? అదేటి, సేతులు ఆకాశంలో, కాళ్లు అంగట్లో! సూడండి."

తీగ మీద తడి తువ్వాలు తీసి, మెలిపెట్టి, వరి పన పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. ఉతికే బండ ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. తువ్వాలు కుడి భుజం దాకా వెళ్లింది, అంతే. కుడి మోకాలు వంగినది వంగినట్టే ఉంది. బండ మీద దెబ్బ పడితే పక్కింటి కుక్క మొరిగింది.

"బరువు కుడికాలి మీదకి రావాల. కానీ కాలి లోపల కూర్సోవాల. మీది బయటికి ఒలికిపోతంది. ఒలికిపోయినాక తిరిగొచ్చేదానికి ఏటుంటాది?"

"మరి కిందకి వచ్చేటప్పుడు? ముందు చేతులేనా?"

"సేతులా! ముందు ఎడంకాలు నేలని తొక్కాల. తొక్కితే తుంటి తిరుగుతాది, తుంటి తిరిగితే బుజం వస్తాది. సేతులు ఆకరికి వాటంతటవే వస్తాయి. పొద్దున్నించి పొద్దుకుంకేదాకా పనలు కొట్టాలంటే మరేటనుకున్నారు? సేతుల్తో కొట్టినోళ్లు మద్దేనానికే కూలబడతారు."

నా ఫోనులో విదేశీ మాస్టర్లు బాణం గుర్తులు వేసి గంటలకొద్దీ చెప్పేది ఆవిడ ఒక తువ్వాలుతో తేల్చేసింది. నేను వరుసగా ప్రశ్నలు వేశాను. పాదం ఎంత ఎడం? ఊపిరి ఎప్పుడు వదలాలి? ఆవిడా విసుక్కోలేదు. బంతి అంత చిన్నదైతే దాని మీద చూపు ఎలగ నిలుస్తాదని తిరిగి నన్నే అడిగింది. ఇద్దరం అరగంట సేపు ఆ తువ్వాలు పట్టుకుని అటు తిరిగి ఇటు తిరిగి చూశాం.

చివరికి ఆవిడ తువ్వాలు పిండి ఆరేస్తూ అంది: "బాబూ, సముద్రంలో వాయుగుండం ఉందంట. గురువారం నాటికి వానంటన్నారు. పనలు తడిస్తే మొలకలొచ్చేస్తాయి. అందుకే వచ్చేను. మీ నడుం బాగుపడితే తీసుకెల్దామని."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "సోమవారం తప్పకుండా వస్తానత్తా. ఈ ఒక్క ఆదివారం... పద్మకి మాత్రం సెప్పకు."

"నానెందుకు సెప్తాను?" అంది ఆవిడ.

తర్వాత తెలిసింది, ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. పద్మకి శుక్రవారం నుంచే తెలుసు.

ఆదివారం పొద్దున్న కట్టు మళ్లీ బిగించుకుని, "అలా మైదానం దాకా మెల్లగా నడిచొస్తాను. గాలి తగిలితే మంచిదట" అన్నాను.

"ఎల్లండి. టోపీ పెట్టుకోండి, ఎండగా ఉంది" అంది పద్మ. అంత మంచి భార్య ఎవరికుంటుందనుకుంటూ వెళ్లాను.

ఇక్కడ మీకు బిశ్వజిత్ గురించి చెప్పాలి. మా పక్కింటాయన, మా షిఫ్టు ఇన్‌ఛార్జి, గోల్ఫు క్లబ్బు కార్యదర్శి. మూడు కుర్చీల్లోనూ ఒకే మనిషి. కటక్ నుంచి వచ్చి పదిహేనేళ్లయింది, తెలుగు బాగా మాట్లాడతాడు. పెళ్లి భోజనంలో కూడా వడ్డన వరుస తప్పితే లేచి సరిచేయించే రకం. మేం రూల్‌బుక్ బిశ్వజిత్ అంటాం.

ఆ రోజు ఆయన గెడ్డ అవతల ఉన్నాడు, బంతులు పడ్డచోట జెండాలు పాతుతూ. ఇవతల పేర్లు పిలిచేది వేరే ఆయన. అప్పటికి పదకొండుమంది కొట్టారు. నలుగురివే దాటాయి. నా పేరు పిలవగానే ఎవరో "కావడొచ్చింది, జరగండి" అన్నారు. నవ్వులు.

బంతి పెట్టాను. కర్ర భుజం దాకా వెళ్లింది. వెనకనుంచి ఎవరో, "అయ్యో, సగంలో ఆగిపోయాడు" అనడం వినబడింది. బరువు కుడికాలి లోపల కూర్చుంది. ఎడంకాలు నేలని తొక్కింది. మిగతాది నేను చేయలేదు, అయిపోయింది.

బంతి లేచింది. నీలగిరి చెట్ల ఎత్తుకి వెళ్లింది, అక్కడ కాసేపు ఆలోచించింది, గెడ్డ దాటింది, ఇంకా దాటింది, ఎర్రమట్టి మీద పడి మూడుసార్లు గెంతి ఆగింది. నలుగురి జెండాల కన్నా ముందు.

ఎవరూ నవ్వలేదు. నాకు ఒళ్లంతా జివ్వుమంది. నలభై ఆరేళ్ల వయసులో అలాంటి క్షణం మళ్లీ వస్తుందని నేననుకోలేదు.

అవతల బిశ్వజిత్ జెండా పాతాడు. ఇంత దూరం కొట్టినవాణ్ని చూడాలని ఉత్సాహం ఆపుకోలేక, బంతి చేత్తో పట్టుకుని చెక్క వంతెన మీదుగా దాదాపు పరిగెత్తుకొచ్చాడు.

"ఆహా, ఏం షాటు! ఎవరిదీ బాలు?"

అందరూ నన్ను చూపించారు. బిశ్వజిత్ చిరునవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి.

"మోహన్ బాబూ, మీరు మంచంలో కదా ఉన్నారు?"

"నేనా? ఎవరన్నారు?"

"శుక్రవారం సాయంత్రం మీ మిసెస్ గోడ మీదనుంచి చెప్పారు. నడుం కదలడం లేదు, ఐదురోజులు లీవు కావాలని. పాపం అని సోమవారం నుంచి శుక్రవారం దాకా నేనే రాయించి సంతకం పెట్టాను. ఇప్పుడు కణ హెలా, ఏమైంది మీ నడుం?"

చుట్టూ పాతికమంది. అందులో మా డిపార్టుమెంటు హెడ్డు కూడా ఉన్నాడు. నేను టోపీ సర్దుకున్నాను. అప్పుడు కంచె పక్కనుంచి పద్మ వచ్చింది. వెనక మా అత్తగారు, చేతిలో సంచీ. నా సంచీ.

"నమస్కారమండీ" అంది పద్మ బిశ్వజిత్‌తో. "ఆయనకి నడుం బాగోలేదన్న మాట నిజమేనండి. కావాలంటే సూడండి, కట్టు గూడా ఉంది."

చొక్కా కింద కట్టు ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది.

"అలాగైతే రూల్ ప్రకారం సిక్ మనిషి పోటీలో లేడు" అన్నాడు బిశ్వజిత్ బాధగా. నిజంగానే బాధగా. "నడుం బాగుంటే షాటు రాస్తాను, లీవు తీసేస్తాను. బాగోకపోతే లీవు ఉంటుంది, షాటు ఉండదు. మీరే చెప్పండి మోహన్ బాబూ."

పద్మ నావైపు చూడలేదు. అత్తగారు ఆకాశంవైపు చూస్తోంది. తూర్పున మబ్బు పల్చగా పట్టి ఉంది. అవతలి ఒడ్డున నా జెండా ఊగుతోంది.

"నడుం బాగోలేదండీ. షాటు తీసేయండి" అన్నాను.

బిశ్వజిత్ వెనక్కి వెళ్లి జెండా పీకేశాడు. రెండేళ్ల తపస్సు, మూడు నిమిషాలు నిలబడింది.

రాయగడ బస్సులో పద్మ పక్కన కూర్చున్నాక అడిగాను. "శుక్రవారమే ఎలాగ తెలిసింది?"

"పోటీ పేర్లు కాలనీ గ్రూపులో పెట్టేరు. మీ పేరు పన్నెండోది. ఆ గ్రూపులో నానూ ఉన్నాను."

"మరైతే ఆ కట్టు?"

"మీరు ఊపలేకుండా ఉండాలని కట్టించేను. ఊపలేకపోతే మీకే సిగ్గేసి ఊరుకుంటారనుకున్నాను." కొంగు సర్దుకుని, "అది అలగ తిరగబడుతాదని నాకేటి తెలుసు?" అంది. కిటికీలోంచి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. ఇంకో మలుపు తిరిగాక మళ్లీ తనే అడిగింది. "అంత దూరం నిజంగా ఆ కట్టువల్లే ఎల్లిందేటండీ?"

గుణుపురం చేరేదాకా కిటికీ ఊచ, స్ప్రింగు, మూడు గీతల సంగతి చెబుతూనే ఉన్నాను. ఈ రెండేళ్లలో నా గోల్ఫు గురించి పద్మ మొదటిసారి పూర్తిగా విన్నది ఆ బస్సులోనే.

మిషనులో బేరింగు పోయింది. కొత్తది రాయగడలో దొరకడానికి మంగళవారం అయింది. ఆ లోపు ఊరికే కూర్చోకూడదని అత్తగారు నాకొక పన అందించింది. సోమవారమంతా కళ్లంలో బల్లకేసి పనలు కొట్టాను. పక్కన అత్తగారు, ఆ పక్కన పద్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లకి బలం ఎక్కడ నిండుతుందో వివరిస్తుంటే అత్తగారు అడ్డొచ్చింది.

"బాబూ, మీరు సెప్పడం ఆపితే ఇంకో రెండు పనలు అవుతాయి."

బేరింగు వచ్చింది. మిషను తిరిగింది. బుధవారం సాయంత్రానికి ఆఖరి బస్తా కొట్లోకి చేరింది. గురువారం పొద్దున్న వాన మొదలైంది. అత్తగారు అరుగు మీద కూర్చుని, ఖాళీ కళ్లంలో పడే చినుకుల్ని చాలాసేపు చూసింది. నా చేతిలో టీ గ్లాసు పెట్టి, "బతికించేరు బాబూ" అంది. గెడ్డ అవతల జెండా పోయినందుకు నాకప్పుడు ఏ మూలా బాధ లేదు. అబద్ధం ఎందుకు, ఒక మూల కొంచెం ఉంది.

ఆ వానలోనే పద్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటండీ, నాను కొడితే ఆ బంతి గెడ్డ దాటుతాదా?"

ఉత్సాహంగా లేచాను. "ఎందుకు దాటదు? నేను నేర్పుతాను."

"మీరెందుకు? మీకు నేర్పింది అమ్మే గదా. నాకు సిన్నప్పుడే నేర్పింది."

మా క్లబ్బులో ఆడవాళ్లకి బుధవారం, ఆదివారం సాయంత్రాలు ఉన్నాయి. పద్మ చేరి నాలుగు నెలలైంది. కర్ర నాదే. బంతులు నావే. బిశ్వజిత్ రూలు పుస్తకం చూసి, ఒక కర్రతో ఒకే రోజు ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ఆడటానికి లేదన్నాడు. అలాంటి రూలు ఉందో లేదో నేను అడగలేదు. మొదటి వారం పద్మ బంతిని తాకలేదు. మూడో వారం వంద గజాలు. చేతులు భుజం దాటవు, మడమ లేవదు, మొహంలో శ్రమ కనబడదు.

మొన్న ఆదివారం దాటించింది.

ఆ సమయంలో నేను గెడ్డ అవతల ఉన్నాను. ఇప్పుడు నా పని అక్కడే, గడ్డిలో బంతులు వెతకడం. నా తల మీదనుంచి ఏదో చప్పుడు చేస్తూ పోయింది. తిరిగి చూస్తే, నా జెండా పీకేసిన చోటుకి నాలుగడుగులు ముందు తెల్లగా ఆగి ఉంది. ఇవతలి ఒడ్డున ఆడవాళ్లంతా గెంతుతున్నారు. పద్మ మాత్రం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"దొరికిందాండీ?" అని అరిచింది.

"దొరికింది!" బంతి పైకెత్తి చూపించాను. "ఇదిగో, విసురుతున్నాను, పట్టుకో!"

"వద్దొద్దు! మీరు సెయ్యి మరీ ఎత్తీస్తారు, గెడ్డలో పడతాది. నడిసి రండి!"